అప్పట్లో వాళ్ళకు తెలీదనకండి

మంత్రగత్తెలన్న పేరు పెట్టి యూరప్‌లో ఆడవాళ్ళని ఎలా చంపారో ఎక్కడ చెప్పుకున్నా, వినేవాళ్ళలో ఒకరు తప్పకుండా అంటారు: "ఆ కాలం అలాంటిది, పాపం వాళ్ళకేం తెలుసు?" సైన్సు లేదు, చదువుల్లేవు, ఊరంతా నమ్మింది, ఊరితో పాటు జడ్జీలూ నమ్మారు అని. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. నాకు మాత్రం ఈ మాట మింగుడుపడదు. ఇంగ్లండు సంగతిలో అయితే అసలే పడదు. అక్కడ ఒక ముసలమ్మ మంత్రగత్తె ఎలా అవుతుందో, ఏ గుమ్మం దగ్గర అవుతుందో, ఎవరికి ఆ అవసరం పడుతుందో అప్పటివాళ్ళే పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. రాసి ఊరుకోలేదు, డబ్బులు పుచ్చుకుని నాటకంగా ఆడారు. జనం చూశారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కూడా ఉరితీతలు సాగాయి.

మంత్రగత్తెల నాటకం అనగానే అందరికీ గుర్తొచ్చేది మాక్బెత్. డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ తీసుకున్నవాళ్ళకి ఆ ఉరుములూ మెరుపులూ, కాగులో ఉడికే కప్పా, బల్లికాలూ ఎప్పటికీ పోవు. 1606 ప్రాంతంలో రాసిన ఆ నాటకం గొప్పదే. కానీ అందులోని ముగ్గురు మంత్రగత్తెల వల్ల మన బుర్రల్లో ఒక తప్పుడు బొమ్మ పడిపోయిందని నా ఫిర్యాదు. వాళ్ళకి ఊరు లేదు, ఇల్లు లేదు, ఇరుగుపొరుగు లేరు. గాలిలోంచి వస్తారు, గాలిలో కలిసిపోతారు. కోర్టుకెక్కిన అసలు మనుషులు అలా లేరు. వాళ్ళకి పక్కింటివాళ్ళున్నారు, ఆ పక్కింటివాళ్ళే సాక్షులు.

అయినా షేక్స్పియర్ షేక్స్పియరే. మొదటి అంకం మూడో దృశ్యంలో ఒక చిన్న ముచ్చట ఉంది, పాఠం చెప్పేటప్పుడు చాలామంది దాన్ని దాటేసి జోస్యాల దగ్గరికి పరిగెడతారు. ఒక నావికుడి పెళ్ళాం ఒళ్ళో చెస్ట్‌నట్ కాయలు పోసుకుని పటపటా నముల్తూ ఉంటుంది. "నాకూ పెట్టు" అంటుంది మంత్రగత్తె. "పోవే మంత్రగత్తె" అని కసురుతుంది ఆ బాగా తిన్న ఒళ్ళావిడ. అంతే. ఆమె మొగుడు టైగర్ అనే ఓడలో అలెప్పో వైపు వెళ్ళాడు కదా, జల్లెడెక్కి వెళ్ళి అతని నిద్ర చెడగొడతాను, ఎండిపోయేలా చేస్తాను అంటుంది ఈమె. అడిగింది, పెట్టలేదు, శపించింది. నాటకం మొత్తమ్మీద అసలు కోర్టు కాగితాల వాసన వచ్చేది ఈ కాసిన్ని పంక్తుల్లోనే.

ఈ అడగడం, లేదనడం, శపించడం అన్న వరసని షేక్స్పియర్ కొత్తగా కనిపెట్టలేదు. కెంట్ ప్రాంతపు పెద్దమనిషి రెజినాల్డ్ స్కాట్ 1584లోనే ఒక లావుపాటి పుస్తకంలో దీన్ని విప్పి చూపించాడు. మంత్రగత్తెలని పేరుపడ్డవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళు, కుంటివాళ్ళు, కళ్ళల్లో పుసులు కట్టినవాళ్ళు, ముడతలు పడ్డవాళ్ళు అంటాడు. ఇల్లిల్లూ తిరిగి కాసిని పాలో, ఈస్టో, గంజో అడుక్కుని బతుకుతారు. ఎప్పుడో ఒకనాడు లేదంటారు. అప్పుడామె ఇంటి యజమాని మొదలు దొడ్లో పడుకున్న పందిపిల్ల దాకా అందర్నీ తిట్టిపోస్తుంది. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, ఒక ఆవు చస్తుంది. అప్పుడు అందరికీ ఆ తిట్లు గుర్తొస్తాయి. స్కాట్ ఇక్కడితో ఆగడు. తన తిట్టు ఫలించడం ఒకటి రెండుసార్లు చూసిన ఆ ముసలమ్మ కూడా తనకేదో శక్తి ఉందని నమ్మడం మొదలుపెడుతుంది, కోర్టులో ఒప్పేసుకుంటుంది అంటాడు. 1584లో! ఇంతకంటే ఇప్పటి సైకాలజిస్టు చెప్పేదేముంది? దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1970, 1971ల్లో, అలన్ మాక్ఫర్లేన్, కీత్ థామస్ అనే చరిత్రకారులు పాత కేసులన్నీ తిరగేసి తేల్చిందీ ఇంచుమించు ఇదే. కోపం ముసలమ్మది, భయం మాత్రం లేదన్నవాళ్ళది. పెట్టి ఉండాల్సింది అన్న గిల్టు లోపల తొలుస్తుంటే, బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి దానికొక ముఖం కనిపిస్తుంది.

ఆ గిల్టు ఎందుకంత ముదిరిందంటే, పాత పద్ధతిలో గుమ్మంలోకొచ్చిన పేదవాళ్ళకి పెట్టడం క్రైస్తవ ధర్మం. 1601 పేదల చట్టం నాటికి ఊరి పన్నుతో పేదల్ని పోషించే పద్ధతి ఖాయమైంది. పన్ను కట్టాక మళ్ళీ గుమ్మంలో అడిగినావిడకి పెట్టాలా, పొమ్మనాలా? ఎటూ తేలని సంకటం. పొమ్మన్నా మనసు ఊరుకోదు.

చట్టం కూడా ఈలోగా బిగుసుకుంది. 1563 చట్టం ప్రకారం మంత్రంతో మనిషిని చంపితే ఉరి, కేవలం గాయపరిస్తే మొదటిసారికి ఏడాది జైలు. జేమ్స్ రాజు వచ్చాక 1604 చట్టం గాయపరచినా ఉరే అంది, దుష్టశక్తుల్ని పెంచి పోషించడం కూడా ఉరి నేరమే అంది. సినిమాల పుణ్యమా అని అందరూ అనుకునేట్టు ఇంగ్లండులో మంత్రగత్తెల్ని కాల్చలేదు, ఉరితీశారు. కాల్చింది స్కాట్లండులో, అదీ ఎక్కువగా గొంతు పిసికి చంపాక.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొస్తాను. ఎలిజబెత్ సాయర్. లండన్‌కి ఉత్తరాన ఎడ్మంటన్ ఊళ్ళో ఒంటికన్ను ముసలమ్మ. చీపుర్లు అమ్ముకునేది. చీపుర్లు కొననివాళ్ళ పిల్లల్నీ పశువుల్నీ మంత్రం పెట్టి చంపిందని ఒక అభియోగం. ఇంకోటి, పొరుగింటి ఆగ్నెస్ ర్యాట్‌క్లిఫ్ చావు. సాయర్ పెంచుకునే పంది వెళ్ళి ఆగ్నెస్ పెట్టుకున్న సబ్బు నాకింది. ఆమె బట్టలు బాదే కర్రతో పందిని ఒకటిచ్చింది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆగ్నెస్ మంచానపడి చచ్చిపోయింది. సబ్బు ముక్క, పంది, కర్ర, చావు. ముగ్గురాడవాళ్ళ చేత సాయర్ బట్టలు విప్పించి వెతికించారు, వెనక భాగాన చనుమొన లాంటిది ఒకటుందని, దయ్యం పాలు తాగేది అక్కడేనని తేల్చారు. 1621 ఏప్రిల్ 19న లండన్‌లో ఉరికంబాల చోటు టైబర్న్‌లో ఉరితీశారు. న్యూగేట్ జైల్లో ఖైదీలకు మతబోధ చేసే హెన్రీ గుడ్‌కోల్ చివరిరోజుల్లో ఆమెను ప్రశ్నలడిగి, ఆ జవాబులతో అదే ఏడాది ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఉరి చూసి తిరిగొస్తుంటే జనం పాడుతున్న అబద్ధపు పాటలు భరించలేక రాశానంటాడు. ఈ గుడ్‌కోల్ పుస్తకంలో నాకు నచ్చే ముక్క ఒకటుంది. ఊరివాళ్ళు సాయర్ ఇంటి కప్పు మీది గడ్డి పీకి తగలబెట్టారు; తప్పు చేసినదైతే వెంటనే ఉరుక్కుంటూ వస్తుందని వాళ్ళ పరీక్ష. అది పాతకాలపు పిచ్చి ఆచారం అని ఆయనే ఈసడిస్తాడు. ఆ వెంటనే శరీరం మీద చనుమొన దొరకడాన్ని మాత్రం గట్టి సాక్ష్యంగా ఒప్పుకుంటాడు! గడ్డి మూఢనమ్మకం, పుట్టుమచ్చ న్యాయశాస్త్రం.

అదే ఏడాది డిసెంబరు చివరికల్లా ఈమె కథ రాజుగారి కొలువులో నాటకమైపోయింది. రాసినవాళ్ళు విలియం రౌలీ, థామస్ డెకర్, జాన్ ఫోర్డ్. "ఎడ్మంటన్ మంత్రగత్తె". చచ్చి తొమ్మిది నెలలు కూడా కాలేదు, పేరు కూడా మార్చలేదు.

ఆ నాటకంలో ఆమె మొదటిసారి వచ్చేటప్పటికి ఏ శక్తీ లేదు. పుల్లలు ఏరుకుంటూ వస్తుంది. ఒంటరిగా నిలబడి అడుగుతుంది: లోకం తన విషమంతా నా మీదే ఎందుకు కక్కుతుంది? పేదదాన్ననా, వంకర ఒళ్ళనా, చదువులేనిదాన్ననా? మీరే నన్ను మంత్రగత్తె అంటారు, అంటూ అంటూ ఎలా కావాలో మీరే నేర్పుతారు అంటుంది. అప్పుడు బ్యాంక్స్ అనే ఆసామి వస్తాడు. నా పొలంలో ఏం చేస్తున్నావంటాడు. చలి కాచుకోవడానికి కాసిని కుళ్ళిపోయిన పుల్లలు అంటుంది. కింద పడెయ్, లేకపోతే నీ ఎముకలు ఒంట్లో గలగలలాడేట్టు కొడతానంటాడు. పడేసి తిడుతుంది. కొడతాడు. తన్నులు తిన్నాక ఆమెకొచ్చే ఆలోచన: మంత్రగత్తె కావడమూ, మంత్రగత్తె అనిపించుకోవడమూ ఒకటే అయినప్పుడు, అయితే పోలా? ఆ శాపనార్థాల మధ్యలోంచి టామ్ అనే నల్లకుక్క వస్తుంది. నువ్వు తిడుతుండగా దొరికావు, ఇక నా సొత్తువి అంటుంది. దయ్యం ముందు రాలేదు చూడండి. ముందు ఆసామి వచ్చాడు, తర్వాత దెబ్బలు, ఆ తర్వాతే కుక్క.

నాటకం మొత్తంలో నాకు అన్నిటికంటే చేదుగా తగిలేది ఆ తర్వాతి మాట. బ్యాంక్స్‌ని చంపెయ్యమని అడుగుతుంది కుక్కని. కుదరదంటుంది. నీ విషయంలో కఠినుడే గానీ, ఆయన లోకానికి మంచివాడు, పేదలకి దానం చేసేవాడు, అలాంటివాళ్ళని మేం ముట్టుకోలేం, కావాలంటే పశువుల్నీ పంటనీ పాడుచేస్తాను అంటుంది. పుల్లల కోసం ముసలిదాన్ని చావగొట్టినవాడు రికార్డుల్లో దాత. ఈ డైలాగుని దయ్యం నోట పెట్టిన రచయిత ఎవడో గానీ (ముగ్గురిలో ఎవరు ఏ భాగం రాశారో పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటారు) వాడికి ఊళ్ళ సంగతి బాగా తెలుసు.

ఊరి గుంపు సీను మాత్రం కామెడీ. ఒకడి గుర్రానికి రోగం. ఒకడి పెళ్ళాం పరాయి మగాడితో దొరికింది. మన పశువులు పడిపోతున్నాయి, పెళ్ళాలు పడిపోతున్నారు, కూతుళ్ళూ పనిపిల్లలూ పడిపోతున్నారు, ఇది ఇలాగే ఊళ్ళో మేస్తుంటే ఇక మనమూ నిలబడలేం అని ఒకడు గోల పెడతాడు. నాలుగు ఇళ్ళల్లో నాలుగు రంకులు బయటపడితే మంత్రగత్తె కావాలి కదా మరి. ఆసామి బ్యాంక్స్ అయితే, తన ఆవు తోక ఎత్తి వెనక ముద్దు పెట్టుకోకుండా ఉండలేకపోతున్నానని ఫిర్యాదు చేస్తాడు. గడ్డి తగలబెట్టి వచ్చినవాళ్ళని జడ్జి చీవాట్లేస్తాడు: ఇంతకంటే మంచి రుజువులు లేకపోతే ఆమె మంత్రగత్తె కావడం మాటేమో గానీ మీరు శుద్ధ వెధవలని తేలుతుంది అని. హాలంతా గొల్లుమని ఉంటుంది. అంటే గడ్డి పరీక్ష వెర్రితనమని 1621లో నవ్వగలిగే ప్రేక్షకులున్నారు. తెలీనివాళ్ళు నవ్వలేరు.

తెలంగాణ పల్లెల నుంచి బాణామతి, చేతబడి వార్తలు చదివినవాళ్ళకి ఈ సీను చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మంత్రం నోట పలక్కుండా పళ్ళు ఊడగొట్టడం మన దగ్గరి పద్ధతి. మంత్రగత్తె ముఖం మీద గీరి రక్తం తీస్తే ఆమె శక్తి పోతుందనడం వాళ్ళ దగ్గరిది. కానీ రెండూ ఒకటే అనడం తొందరపాటు. మన దగ్గర అనుమానం మగవాళ్ళ మీదికి కూడా బాగానే వెళ్తుంది. ఇంగ్లండులో అభియోగం మోసింది నూటికి ఎనభై తొంభై మంది ఆడవాళ్ళే. పైగా అక్కడ దయ్యంతో ఒప్పందం, ఆత్మ తాకట్టు అనే క్రైస్తవ లెక్క ఒకటి నడుస్తుంది, మన చేతబడిలో ఆ ఒప్పందం గొడవ లేదు.

ఒప్పందమంటే ఫాస్టస్ గుర్తొస్తాడు. మార్లో నాటకంలో దయ్యానికి ఆత్మ అమ్ముకున్న ఆ డాక్టరుగారు చేసిందీ సాయర్ చేసిందీ చట్టం కళ్ళకి ఒకటే నేరం. కానీ బేరాలు చూడండి. పండితుడికి ఇరవై నాలుగేళ్ళు, మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం నౌకరీ, పోప్ విందులో గిన్నెలు లాక్కోవడం, చక్రవర్తి మర్యాద, చివర్లో ట్రాయ్ అందగత్తె హెలెన్. ముసలమ్మకి? ఒక కుక్క, అదీ ఆమె చేతి రక్తం తాగుతూ. రెండు మూడు పశువుల మీద పగ. చావు దగ్గర ఫాస్టస్‌కి ఇంగ్లీషు నాటకంలోనే గొప్ప కవిత్వం దక్కింది. సాయర్ చివర్లో, ప్రార్థన చేసుకోవడానికే ఊపిరి చాలట్లేదు, అది కూడా మీ మీద అరవడానికి ఖర్చుపెట్టిస్తారా అని విసుక్కుంటుంది. షేక్స్పియర్ "టెంపెస్ట్" నాటకంలో మంత్రగాడు ప్రాస్పరోని తీసుకోండి. సమాధుల్లోంచి శవాల్ని లేపానని స్వయంగా చెప్పుకున్నవాడు. పుస్తకం నీళ్ళలో పడేస్తానని డ్యూక్ పదవికి తిరిగెళ్ళిపోతాడు. అదే విద్య చేసిన మంత్రగత్తె సైకొరాక్స్ నాటకం మొదలవకముందే చచ్చి, తిట్లు మాత్రం తింటూ ఉంటుంది. రంగస్థలం బయటా ఇంతే. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టిన జాన్ డీ తర్వాత దేవదూతలతో మాట్లాడానని డైరీలు రాశాడు. మంచంలోనే చచ్చిపోయాడు, ఉరికంబం మీద కాదు.

"మంత్రగత్తెనా? ఎవరు కారు?" అని సాయర్ జడ్జి ముందు అడిగేది ఇదే లెక్క. కొలువుల్లో రంగులు పూసుకుని మొగాళ్ళ ఆస్తులు కరిగించే దొరసానులో? మొగుడి దుకాణాన్ని బట్టల కింద మార్చేసే నగరపు ఇల్లాళ్ళో? తేనె మాటలతో క్లయింట్లని ముంచే లాయర్లో? బంగారం ఎరవేసి కన్నెపిల్లల్ని చెడిపేవాళ్ళో? ఈ చివరి మాటకి పక్కనున్న దొర సర్ ఆర్థర్ ఉలిక్కిపడతాడు. తన పనిమనిషిని చెడిపింది అతనే.

ఇక రాజుగారి సంగతి. దయ్యాల శాస్త్రం మీద 1597లో స్వయంగా పుస్తకం రాసి, అందులో స్కాట్‌ని పేరుపెట్టి తిట్టిన జేమ్స్, 1616లో లెస్టర్‌లో, మంత్రగత్తెల వల్లే మూర్ఛలొస్తున్నాయన్న ఒక కుర్రాణ్ణి పిలిచి ప్రశ్నలేసి, వాడి మూర్ఛలన్నీ నటన అని పట్టేశాడు. ఆ కుర్రాడి మాట మీద అప్పటికే తొమ్మిది మందిని ఉరితీశారు. జడ్జీలు చీవాట్లు తిన్నారు. 1604 చట్టం మాత్రం 1736 దాకా అలాగే ఉంది.

తెలిసి కూడా ఎంతకి దిగొచ్చో చూడాలంటే 1634 చాలు. ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్‌లో పదేళ్ళ ఎడ్మండ్ రాబిన్సన్ ఒక కథ చెప్పాడు: రెండు వేటకుక్కలు మనుషులుగా మారాయట, కొట్టంలో మంత్రగత్తెలు తాళ్ళు లాగితే మాంసమూ వెన్నా రాలాయట. పదిహేడు మందికి నేరం రుజువైందన్నారు. జడ్జీలకే అనుమానమొచ్చి లండన్‌కి రాశారు. నలుగురాడవాళ్ళని రాజధానికి తెచ్చారు. రక్తప్రసరణ సిద్ధాంతం చెప్పిన విలియం హార్వే పర్యవేక్షణలో పరీక్షించి, చెప్పుకోదగ్గ గుర్తులేమీ లేవన్నారు. జులైలో కుర్రాడు ఒప్పేసుకున్నాడు: ఆవుల్ని ఇంటికి తోలుకురానందుకు తన్నులు తప్పించుకోవడానికి అల్లానని. ఆగస్టులో గ్లోబ్ థియేటర్లో థామస్ హేవుడ్, రిచర్డ్ బ్రోమ్ రాసిన "లాంకషైర్ మంత్రగత్తెలు" నాటకం. వరసగా మూడు రోజులు ఆడింది. చూసిన టామ్కిన్స్ అనే ఆయన ఉత్తరం ఉంది. ఊళ్ళో ఇంతమంది దొరలూ దొరసానులూ ఉన్నారనుకోలేదు, సరదా అయిన కొత్త నాటకం అని రాశాడు. ఆ నాటకంలో కుర్రాడి కథంతా నిజంగానే జరుగుతుంది. కుక్కలు మారతాయి, పిల్లి పంజా నరికితే ఉంగరమున్న ఆడదాని చెయ్యిగా తేలుతుంది.

ఆ నలుగురిలో ఒకామె మేరీ స్పెన్సర్. ఆమె వాంగ్మూలం మిగిలింది. చిన్నప్పుడు నీళ్ళకి బావికి వెళ్తూ ఖాళీ బకెట్టుని వాలు మీద దొర్లించేదట. దాని వెనక పరిగెత్తి, దాటిపోయి, వెనక్కి తిరిగి "రా, రా" అని పిలిచేదట. మంత్రంతో మాత్రం ఎన్నడూ రప్పించలేదు అంది. గ్లోబ్ స్టేజీ మీద మాల్ స్పెన్సర్ అనే పాత్ర పిలిస్తే బకెట్టు నడిచొస్తుంది. పేరు కూడా పెద్దగా మార్చలేదు. అసలు మనిషి అప్పటికి నిర్బంధంలో ఉంది. ఈ మంత్రగత్తెలకి న్యాయం ఏం విధిస్తుందో ఇంకా తేలలేదు, మా మీద మాత్రం దయ చూపించండి అని భరతవాక్యంలో నటులు ప్రేక్షకుల్ని అడుక్కున్నారు. కుర్రాడి అబద్ధం బయటపడ్డా రెండేళ్ళ తర్వాత, 1636 నాటి లాంకాస్టర్ జైలు జాబితాలో మేరీ స్పెన్సర్ పేరు ఇంకా ఉంది.

ఎడ్మంటన్ నాటకాన్ని మోసేవాళ్ళతో కూడా నాకు చిన్న పేచీ ఉంది. సానుభూతి ఉంది, నిజమే. కానీ కుక్క స్టేజీ మీద నిజంగా మాట్లాడుతుంది, ఆమె చేతి రక్తం నిజంగా తాగుతుంది. ముగ్గురు రచయితలూ రెండు పడవల మీదా కాళ్ళు పెట్టారు: తయారుచేసింది మీరే అని ఊరిని తిట్టారు, అయినా మంత్రగత్తె మంత్రగత్తే అని ఉరి జరిపించారు. రెండు రకాల ప్రేక్షకులూ టికెట్టు డబ్బులు దండగనుకోకుండా ఇంటికెళ్ళొచ్చు.

తెలుగు నాటకం వాళ్ళెవరైనా దీన్ని ఎత్తుకుంటే నేను మొదటి వరసలో కూర్చుంటాను. ఒక్క మనవి. అందులో రెండో కథ ఉంది, ఫ్రాంక్ థోర్నీ అనే కుర్రాడిది. సర్ ఆర్థర్ చెడిపిన ఆ పనిమనిషి విన్నిఫ్రైడ్‌ని రహస్యంగా పెళ్ళాడి, ఆస్తి కోసం తండ్రి మాట మీద సూజన్‌ని మళ్ళీ పెళ్ళాడి, ఆమెని పొడిచి చంపుతాడు. నిడివి ఎక్కువైందని దీన్ని కోసేయాలనిపిస్తుంది, కొయ్యకండి. ఉరికి వెళ్తున్న ఫ్రాంక్‌ని అందరూ క్షమిస్తారు, చచ్చిన పిల్ల తండ్రి కార్టర్ కూడా. అదే రోజు, అదే దారిలో వెళ్తున్న సాయర్‌ని పట్టుకుని ఆ కార్టరే అరుస్తాడు: ఫ్రాంక్‌కి మంత్రం పెట్టి పెళ్ళాన్ని చంపించింది నువ్వే కదా, దయ్యం లేకుండా చేసేవాడు కాదు అని. "దయ్యం లేదని ఎవరన్నారు? ప్రతి దయ్యమూ నాదేనా?" అంటుంది. ఆఖర్న సర్ ఆర్థర్‌కి పడేది జరిమానా. ఎవరికి దక్కాల్సింది వాళ్ళకి దక్కి ఉంటే ఈపాటికి ఇంకొకరు కూడా జరిమానాలు కట్టకుండా ఉరితాటికి ఊగేవారని కార్టర్ గొణుగుతాడు. ఆ ఒక్క పంక్తి కోసమైనా రెండో కథ ఉంచండి.